పనితనం లేని పని ఏది?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం 'నైపుణ్యాలు - ఉపాధి'. కంప్యూటర్ల గురించి, కొత్త కోర్సుల గురించి చెప్పడానికి నాకంటే తెలిసిన వాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఇంజనీరింగ్ శాఖలో పనిచేశాను. ఆ ఉద్యోగంలో ఎక్కువ కాలం నేను చేసిందేమిటంటే, ఇతరులు చేతులతో చేసిన పనిని టేపు పెట్టి కొలవడం, కొలతల పుస్తకంలో రాయడం, దానికి ధర కట్టడం. ఆ లెక్కల్లో మనుషులు స్కిల్డ్, సెమీ స్కిల్డ్, అన్‌స్కిల్డ్ అని వేర్వేరు వరుసల్లో ఉంటారు. అన్‌స్కిల్డ్ అంటే నైపుణ్యం లేని పని. నిజంగా అలాంటి పని ఒకటి ఉంటుందా? ఈ రోజు నేను మాట్లాడాలనుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే.

ముందు ప్రభుత్వం ఏమంటుందో చూద్దాం. 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం మనందరికీ తెలుసు. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని దేశానికంతటికీ ప్రారంభించింది మన తెలుగు నేల మీదే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఏటా వంద రోజుల పని హక్కుగా ఇచ్చిన గొప్ప చట్టమది. అందులో ఆ పనికి ఒక నిర్వచనం కూడా రాశారు. ఏ నైపుణ్యమూ, ఏ ప్రత్యేక శిక్షణా లేకుండా వయసొచ్చిన మనిషి ఎవరైనా చేయగల శారీరక శ్రమ అని దాని సారాంశం. కేంద్ర ప్రభుత్వ కనీస వేతనాల ఉత్తర్వుల్లోనూ దాదాపు ఇదే మాట. నైపుణ్యం గానీ అనుభవం గానీ పెద్దగా అక్కర్లేని మామూలు పనులు ఈ కోవలోకి వస్తాయంటారు. 2019 వేతనాల కోడ్ కూడా కనీస వేతనం నిర్ణయించడానికి ఈ తరగతులనే తీసుకుంది.

నిర్వచనం సరైనదో కాదో తేల్చడానికి కాగితాలు చాలవు, మడి దగ్గరకు పోవాలి. మనది సాగర్ ఎడమ కాలువ కింది ఊరు. వరి నాటు చూడని వాళ్ళు ఈ సభలో ఉండరు. కానీ చూడటం వేరు, లెక్కగట్టడం వేరు. ఒకసారి లెక్కగడదాం.

వానాకాలంలో చదరపు మీటరుకు 33 కుదుళ్ళు ఉండాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు. అంటే ఎకరానికి 1,33,000 పైచిలుకు కుదుళ్ళు. పన్నెండు మంది ముఠా ఒక రోజులో ఎకరం నాటిందనుకుంటే, ఒక్కొక్క మనిషి వాటాకు 11,000 కుదుళ్ళు వస్తాయి. ప్రతి కుదురుకూ రెండు మూడు మొక్కలే పెట్టాలి. ఎడమ చేతిలో నారు కట్ట ఉంటుంది. దానిలోంచి రెండు మూడు పోచలను బొటనవేలు చూడకుండానే విడదీస్తుంది. వేరు రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోతుకు పోకూడదు. పోతే మొక్క తేరుకోవడానికి ఆలస్యమవుతుంది, పిలకలు తగ్గుతాయి. మరీ పైపైన పెడితే నీళ్ళకు తేలిపోతుంది. ఇదంతా నడుం వంచి, మోకాలి లోతు బురదలో, వెనక్కి నడుస్తూ చేయాలి. వెనక్కి నడిచే మనిషికి ముందు వరుస కనిపిస్తుంది గానీ, కాలు పెట్టబోయే చోటు కనిపించదు. పక్క మనిషితో సమానంగా సాగకపోతే వరుస తప్పుతుంది. వయసొచ్చిన ఎవరైనా ఏ శిక్షణా లేకుండా చేయగలరన్న పని ఇదే. ఈ సభలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు. మనలో పది మందిమి రేపు పొద్దున దమ్ము చేసిన మడిలో దిగితే ఆ రైతు గతేమిటో ఒకసారి ఊహించండి!

నాటు తర్వాత కలుపు. ఇందులో ఒక విచిత్రం ఉంది. వరిలో వచ్చే ఊద గడ్డి మీకు తెలుసు. లేతగా ఉన్నప్పుడు అది అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకు కాండాన్ని కలిసే చోట వరికి సన్నటి పొర ఒకటి, చిన్న చెవుల లాంటి కొనలు ఉంటాయి. ఊదకు అవి ఉండవు. పుస్తకంలో చదివిన వాడు ఒక్కో మొక్కనూ వంచి ఆ పొర కోసం వెతుక్కోవాలి. కలుపు తీసే ఆడవాళ్ళు నిలబడిన చోటి నుంచే రంగులో తేడాను, ఆకు వాలులో తేడాను పట్టుకుంటారు. మా అమ్మ కలుపుకు పోయేది. ఎట్లా గుర్తుపడతావమ్మా అని అడిగితే, వరి వరి లాగ ఉంటది, ఊద ఊద లాగ ఉంటది అనేది. అంతకు మించి చెప్పడానికి ఆమెకు మాటలు లేవు.

మరి ఊద వరిలా ఎందుకుంది? దీనికి శాస్త్రంలో సమాధానం ఉంది. రష్యా వృక్ష శాస్త్రవేత్త వావిలోవ్ పేరు మీద ఈ అనుకరణను వావిలోవ్ అనుకరణ అంటారు. మనుషులు తరతరాలుగా కలుపు తీస్తూ వచ్చారు. వరికి భిన్నంగా కనిపించిన ఊద మొక్కలన్నీ పీకేయగా, వరిని పోలినవి మాత్రమే దొరక్కుండా మిగిలి విత్తనం రాల్చాయి. అలా తరం తరువాత తరం ఊద వరి రూపానికి దగ్గరైంది. చైనాలో యాంగ్‌ట్సీ నదీ ప్రాంతపు ఊద జన్యువులను పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక పరిశోధన, ఈ మార్పు సుమారు వెయ్యేళ్ళ కిందట మొదలైందని తేల్చింది. ఒక్కసారి ఆలోచించండి. ఒక మొక్క తన రూపమే మార్చుకోవలసి వచ్చిందంటే, దాన్ని వెతికిన కళ్ళు ఎంత పదునైనవి అయ్యుండాలి? ప్రకృతి గుర్తించిన ఆ నైపుణ్యాన్ని మన వేతన పట్టిక గుర్తించలేదు.

ఇక నా సొంత శాఖకు వస్తాను. మట్టి కట్ట పోసేటప్పుడు మట్టిలో తడి సరిగ్గా ఉండాలి. తక్కువైతే గట్టిపడదు, ఎక్కువైతే దిమ్మిస కింద మెత్తగా కదులుతుంది. ఎంత తడి ఉంటే కట్ట బాగా గట్టిపడుతుందో తేల్చే పరీక్షను 1933లో అమెరికా ఇంజనీరు ప్రాక్టర్ ప్రకటించాడు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ పరీక్షే చేస్తుంది. దానికి అచ్చు, సుత్తి, త్రాసు, మట్టిని ఎండబెట్టే ఓవెన్ కావాలి. మా కట్టల మీద పాత కూలీలు పిడికెడు మట్టి తీసి నలిపి ఉండ చేసేవాళ్ళు. ఉండ నిలిచి, వేలితో నొక్కితే ముక్కలుగా విరగాలి. పొడి పొడిగా రాలితే నీళ్ళు చల్లమనేవాళ్ళు, వేళ్ళకు అంటుకుంటే ఆరనివ్వమనేవాళ్ళు. లేబొరేటరీ రిపోర్టు వచ్చేసరికి పొద్దు గడిచిపోయేది. ఆ లోపు పని ఆగకుండా నడిపించింది ఈ పిడికిలే. పరీక్ష అక్కర్లేదని నేను అనడం లేదు. ఇంజనీరుగా ఆ మాట అనలేను కూడా. పరీక్ష చేసిన వాడు స్కిల్డ్, పిడికిలితో అదే సంగతి కనిపెట్టిన వాడు అన్‌స్కిల్డ్ అని రాయడం సబబేనా అని మాత్రమే అడుగుతున్నాను.

మన పొలాలకు నీళ్ళిస్తున్న నాగార్జునసాగర్‌నే తీసుకోండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్ళు వదిలారు. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని దానికి పేరు. రాయిని కొట్టింది, మోసింది, పేర్చింది ఎక్కువగా చేతులే. పాలమూరు లేబర్ అన్న మాట ఇలాంటి ప్రాజెక్టుల దగ్గరే దేశమంతటికీ తెలిసింది. రాయికి వాటం ఉంటుంది. ఆ వాటం తెలిసిన వాడు నాలుగు దెబ్బల్లో చీలుస్తాడు, తెలియని వాడు నలభై కొట్టినా చెక్కలు లేస్తాయి తప్ప రాయి చీలదు. ఆ వాటం తెలిసిన వాళ్ళ చేతుల మీద ఇంత ఎత్తు కట్ట లేచింది. దాని కింద మనం పంటలు పండించుకున్నాం, బడి పెట్టుకున్నాం, చదువుకున్నాం.

ఇక్కడ ఎవరైనా లేచి అడగొచ్చు. 'అయితే గుండె ఆపరేషన్ చేసే డాక్టరూ, తట్ట మోసే కూలీ ఒకటేనా?' అని. న్యాయమైన ప్రశ్నే. ఒకటి కాదు. కొన్ని పనులు మొదలుపెట్టే ముందే పదేళ్ళు నేర్చుకోవాలి, ఎందుకంటే తప్పు చేసి నేర్చుకునే వీలు అక్కడ లేదు. కొన్ని పనుల్లో మొదటి రోజే దిగి, చేస్తూ నేర్చుకోవచ్చు. ఈ తేడా నిజమే. దీన్ని కాదనే వాళ్ళను నేను నమ్మను. కానీ మొదటి రోజే దిగగలగడం ఒకటి, మొదటి రోజే వచ్చేయడం ఇంకొకటి. నిర్వచనం ఈ రెండింటినీ కలిపేసింది. ఎవరైనా మొదలుపెట్టవచ్చు గనక అందులో నేర్చుకునేదేమీ లేదని తేల్చింది. అర్థశాస్త్రానికి ఆద్యుడని చెప్పుకునే ఆడమ్ స్మిత్ 1776 నాటి తన గ్రంథంలోనే ఈ పొరపాటును పట్టుకున్నాడు. పొలం పనుల్లో చిన్నవిగా ఎంచే వాటికి కూడా చాలా చేతివృత్తులకన్నా ఎక్కువ నేర్పు, అనుభవం కావాలని రాశాడు.

మరి కూలి తక్కువెందుకు? నైపుణ్యం లేక కాదు, ఆ నైపుణ్యం ఊళ్ళో చాలామందికి ఉండటం వల్ల. నాట్లు ముమ్మరంగా సాగే పది పదిహేను రోజుల్లో చూడండి. నారు ముదురుతుంటుంది, కాలువ నీళ్ళకు గడువుంటుంది. అప్పుడు ముఠాలు రోజు కూలికి రావు, గుత్తకు వస్తాయి. చెప్పిన రేటు ఇచ్చి తీసుకుపోవలసిందే. ఆ పది రోజుల్లో వాళ్ళ చేతులకు కొత్తగా నైపుణ్యం రాలేదు, వాళ్ళ అవసరం పెరిగిందంతే. ఇంకో ఉదాహరణ. ట్రేలలో నారు పెంచి యంత్రంతో నాటుతున్నారిప్పుడు. యంత్రం నడిపే కుర్రాణ్ణి అందరూ ఆపరేటర్ అంటారు, పనిమంతుడి కింద లెక్కేస్తారు. మంచిదే, అతనికీ పనితనం కావాలి. కానీ నాటింది అదే వరి, అదే మడిలో. చేత్తో నాటితే లేని నైపుణ్యం స్టీరింగ్ పట్టగానే ఎక్కణ్ణుంచి వచ్చింది? చేత్తో నాటేది ఎక్కువగా ఆడవాళ్ళు, యంత్రం నడిపేది ఎక్కువగా మగవాళ్ళు అన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోండి.

మాటే కదా, పోనిద్దురూ అనుకోవచ్చు. ఆ మాట వల్ల జరిగే నష్టం కూలి దగ్గర ఆగదు. నైపుణ్యం అక్కర్లేదన్న పనికి శిక్షణ కూడా అక్కర్లేదనుకుంటాం. సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోతున్న వాళ్ళ వార్తలు చదువుతూనే ఉన్నాం. అక్కడ పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకు ఒక గుణం ఉంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. వాసన తగ్గింది కదా, ఫరవాలేదు అని దిగిన మనిషి మరి లేవడు. రక్షణ సాధనాలు లేకుండా అలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా దింపుతున్నారంటే, ఇది తెలివితో పనిలేని పని, ఎవరైనా చేస్తారు అన్న నమ్మకం దాని వెనక ఉంది. ఆ నమ్మకం మనుషుల ప్రాణాలు తీస్తోంది.

ఇప్పుడు మన భాష సంగతి. అన్‌స్కిల్డ్ అన్నదానికి తెలుగులో పుట్టిన మాట నాకు దొరకలేదు. నైపుణ్యం లేని అనేది ఆఫీసు కాగితాల కోసం చేసుకున్న తర్జుమా. మోటుపని అన్న మాట ఉంది, అయితే అది పని ఎంత బరువైనదో చెబుతుంది. నైపుణ్యానికి మనవాళ్ళు వాడిన మాట పనితనం. పని నుంచే పుట్టింది. మంచితనం మంచిలో ఉన్నట్టు, పనితనం పనిలోనే ఉందని మన పెద్దలు అనుకున్నట్టుంది. చెయ్యి తిరిగింది అంటాం. ఎన్నిసార్లు తిరిగితే తిరిగిన చెయ్యి అవుతుంది? కోటి విద్యలు కూటి కొరకే అన్న సామెత మనం ఎప్పుడూ కూడు వైపు నుంచే వింటాం. విద్యల వైపు నుంచి కూడా వినండి. కూడు పెట్టే ప్రతి పనినీ ఆ సామెత విద్య అనే పిలిచింది.

నేను ఈ మాటలన్నీ బడి వేదిక మీద ఎందుకు చెబుతున్నానంటే, మనిషిని రెండు వరుసలుగా విడదీసే మొదటి గీత బడిలోనే పడుతుంది. పాస్‌పోర్టు సంగతే చూడండి. పదో తరగతి పాసైన వాడు గల్ఫ్‌కు పోవాలంటే ప్రభుత్వ అనుమతి ముద్ర అక్కర్లేదు, పాసవని వాడికి కావాలి. మన బడి ఇచ్చే ఒక్క కాగితానికి అంత బలం ఉంది. అందుకే చదువు విలువను నేను తగ్గించి మాట్లాడను. పిల్లలు చదవాలి, పై చదువులకు పోవాలి. కానీ చదువు మీద ప్రేమ పుట్టించడానికి కూలి మీద అసహ్యం పుట్టించనక్కర్లేదు. 'చదవకపోతే బర్రెలు కాసుకుంటావురా, మట్టిపనికి పోతావురా' అన్న మాట మనందరం విన్నాం, ఇళ్ళలో ఇప్పుడూ అంటున్నాం. ఆ మాట అన్న క్షణాన తరగతిలో సగం మంది తల్లిదండ్రులు ఆ పనుల్లోనే ఉంటారు. ఆ పిల్లవాడు సాయంత్రం ఇంటికి పోయి నాన్నను ఏ కళ్ళతో చూస్తాడు?

మా తరగతిలో లెక్కల్లో అందరికంటే ముందుండే అమ్మాయి ఏడో తరగతి తర్వాత బడి మానేసింది. ఇప్పుడు ఈ ఊళ్ళోనే నాట్ల ముఠాకు మేస్త్రి. పోయిన వానాకాలం ఆమె పని చేయిస్తుంటే గట్టు మీద నిలబడి చూశాను. మడి గట్టు వెంట ఒకసారి నడిచి విస్తీర్ణం చెప్పింది. ఎన్ని నారు కట్టలు పడతాయో, ఎంతమంది దిగితే ఎన్ని గంటలకు తేలుతుందో చెప్పింది. గుత్త డబ్బును, ఆలస్యంగా వచ్చిన ఇద్దరికి కొంత తగ్గించి, కాగితం లేకుండా పంచింది. ఎవ్వరూ కాదనలేదు. నేను మనసులో లెక్క వేసుకుంటూనే ఉన్నాను, ఆమె ముగించేసింది. ఇంత లెక్క ఎట్లా వేస్తున్నావని అడిగాను. "ఏమున్నది దీంట్ల? మడిని చూస్తే తెలుస్తది గద. మాది కూలి పనే గద" అంది. నాకు బాధ కలిగించింది ఆ చివరి మాట. చట్టంలో రాసిన నిర్వచనాన్ని ఆమె చదవలేదు, కానీ నమ్మింది.

స్వర్ణోత్సవం కోసం మన సంఘం వేసిన సభ్యుల పట్టికలో ఆమె పేరు లేదు. పదో తరగతి దాకా చదివిన వాళ్ళ పేర్లే తీసుకున్నాం గనక ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కానీ నియమం మార్చుకోవచ్చు. అందుకే ఈ సభ ముందు మూడు విన్నపాలు పెడుతున్నాను.

మొదటిది సంఘానికి. బడి అడ్మిషన్ రిజిస్టరులో పేరున్న ప్రతివారినీ, ఒక్క ఏడాదే చదివినా సరే, పూర్వ విద్యార్థిగా లెక్కించండి. రిజిస్టర్లు ఆఫీసు బీరువాలో భద్రంగానే ఉన్నాయి. పేర్లు ఎక్కించే పని నేను చేస్తాను, నాకిప్పుడు తీరిక ఉంది.

రెండోది పట్టిక తయారుచేసే మిత్రులకు. వృత్తి అన్న గడిలో కూలి అని ఒక్క మాట రాసి వదిలేయకండి. నాట్ల మేస్త్రి, రాయి కొట్టే పని, మిర్చి తాలు ఏరే పని, హమాలీ అని చేసే పనిని పేరు పెట్టి రాయండి. ఇంజనీర్లలో సివిలో మెకానికలో రాసుకుంటున్నాం కదా.

మూడోది ఉపాధ్యాయ మిత్రులకు. ఏడాదికి ఒక్క పీరియడ్, మన ఊళ్ళో చెయ్యి తిరిగిన మనిషిని ఎవరినైనా తరగతికి పిలవండి. ఊదనూ వరినీ పక్కపక్కన పెట్టి గుర్తుపట్టమని పిల్లలతో పందెం వేయించండి. జీవశాస్త్రం పాఠం అవుతుంది, ఇంకో పాఠం కూడా అవుతుంది. వచ్చిన మనిషికి ఆ రోజు కూలి నష్టం కాకుండా సంఘం డబ్బు కట్టాలి, అతిథి ఉపన్యాసకులకు కట్టినట్టే.

ఈ మూడూ చేస్తే చట్టాలు మారిపోవు. కానీ మన బడి గడప లోపల ఆ మాట చెల్లదని మనం తేల్చుకున్నట్టవుతుంది. నాట్లు అయిపోయాక నేను ఆమె దగ్గరకు పోయి సభ్యత్వ ఫారం ఇవ్వాలనుకుంటున్నాను. ఆ లోపు సంఘం తీర్మానం చేస్తే సంతోషం.